సముద్రం మీదా కొలువులున్నాయి… మన పిల్లలకు చూపిద్దాం

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లం రోజూ నీళ్లు చూస్తూనే ఉంటాం. సౌత్ లేక్ యూనియన్‌లో ఆఫీసు ఉన్నవాళ్లకు కిటికీలోంచి పడవలు కనిపిస్తాయి. బెల్వ్యూ నుంచి వెళ్లేవాళ్లు వంతెన మీద సరస్సు దాటుతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఫెర్రీ ఎక్కించి బెయిన్‌బ్రిడ్జ్ దీవికి తీసుకెళ్తాం, బాలర్డ్ లాక్స్ దగ్గర పడవలు నీటి మట్టంతో పాటు పైకి లేవడం చూపిస్తాం. బోలెడు ఫొటోలు దిగుతాం. కానీ ఆ ఫెర్రీ నడిపేవాళ్లు ఏం చదివారు, టగ్‌బోటు మీద తాడు విసిరిన ఆ అమ్మాయికి ఆ ఉద్యోగం ఎలా వచ్చింది అనే మాట మన వీకెండ్ పార్టీల్లో ఎప్పుడైనా వినిపించిందా?

మా ఇంట్లో ఆ మాట మా అమ్మాయి వల్ల వచ్చింది. పదో తరగతిలో ఉండగా స్కూలు వాళ్లు సైన్సు క్లాసులో భాగంగా మూడు రోజులు తెరచాప ఓడ మీదికి తీసుకెళ్లారు. తిరిగొచ్చాక బట్టల బ్యాగు కింద పెట్టకుండానే, ‘‘నాన్నా, షిప్ మీద పనిచెయ్యడం కూడా కెరీరేనా? దానికి ఏం చదవాలి?’’ అని అడిగింది. కోడింగ్ క్యాంపులు, రోబోటిక్స్ పోటీలు, మెడిసిన్‌కి ఏ కాలేజీ మంచిది లాంటి ప్రశ్నలకు మన దగ్గర జవాబులు రెడీగా ఉంటాయి. ఈ ప్రశ్నకు మాత్రం మా మిత్రబృందంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పటి నుంచి ఏడాదిగా రేవులకు వెళ్లి, ఓడలు ఎక్కి, పనిచేసేవాళ్లను అడిగి తెలుసుకున్న సంగతులివి. మా అమ్మాయి ఓడ ఎక్కుతుందో లేదో ఇంకా తెలియదు. మీ పిల్లలు ఇదే ప్రశ్న అడిగితే మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

1913 నాటి ఓడ, ఇప్పటి పిల్లలకు బడి

పోర్ట్ టౌన్‌సెండ్ కేంద్రంగా తిరిగే ‘అడ్వెంచరెస్’ అనే స్కూనర్ మా ప్రాంతంలో పేరున్న తెరచాప ఓడ. స్కూనర్ అంటే రెండు లేదా అంతకంటే ఎక్కువ కొయ్యలు, పొడుగువాటున అమర్చిన తెరచాపలు ఉండే ఓడ. దీని పొడవు 133 అడుగులు. 1913లో మెయిన్ రాష్ట్రంలో ఒక సంపన్నుడి కోసం కట్టారు. న్యూయార్క్‌లోని సహజ చరిత్ర మ్యూజియానికి ఆర్కిటిక్ నుంచి తిమింగలం తేవాలని బయల్దేరింది, తిమింగలం దొరకలేదు. ఆ తర్వాత 1914 నుంచి 1952 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో పైలట్ల ఓడగా పనిచేసింది. బయటి దేశాల ఓడలకు దారి చూపే పైలట్లను సముద్రంలోకి మోసుకెళ్లడం దాని పని. ఇప్పుడు ‘సౌండ్ ఎక్స్‌పీరియెన్స్’ అనే లాభాపేక్ష లేని సంస్థ దాని మీద పిల్లలకు సముద్ర శాస్త్రం, ఓడ పని నేర్పుతోంది. ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బెల్లింగ్‌హామ్ నుంచి 1924 నాటి ‘జోడియాక్’ నడుస్తోంది. గ్రేస్ హార్బర్‌లో కట్టిన ‘లేడీ వాషింగ్టన్’ను మీ పిల్లలు చూసే ఉంటారు. ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ మొదటి సినిమాలో ఇంటర్‌సెప్టర్ ఓడగా కనిపించింది అదే.

వీటిలో ఒకదాని మీద కుటుంబాల కోసం వేసే ఒక పూట ట్రిప్‌కి మేమూ వెళ్లాం. టికెట్ కొన్నాం కదా, కూర్చుని చూద్దాం అనుకుంటే కుదరదు. పెద్ద తెరచాప ఎత్తాలంటే మోటారు లేదు, మనుషులే లాగాలి. రెండు మోకులు, రెండు వరసల జనం. ఒక వరస తెరచాపను కొయ్యకు దగ్గరగా ఉండే వైపు ఎత్తుతుంది, రెండో వరస దాని పై కొసను ఎత్తుతుంది. రెండూ సమానంగా లేవాలి. ఒక వరస తొందరపడితే పైనున్న దుంగ ఒరిగి ఇరుక్కుంటుంది. ఇరవై రెండు ఇరవై మూడేళ్లుండే ఒక అమ్మాయి మేట్. ఆమె కేక వేస్తే మా వరస లాగుతోంది, ఆపమంటే ఆగుతోంది. నా పక్కన ఒక పన్నెండేళ్ల పిల్లాడు, వాడి వెనక ఒక రిటైర్డ్ టీచర్. ఐదు నిమిషాల్లో చేతులు ఎర్రబడ్డాయి. తెరచాప గాలి అందుకోగానే ఇంజిన్ ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో ఓడ కదులుతుంటే, దాన్ని కదిలిస్తున్నది మనం ఎత్తిన గుడ్డే అని పిల్లలకు ఎవరూ వివరించక్కర్లేదు.

కంటైనర్ ఓడల కాలంలో తెరచాప ఎందుకు?

ఇది నా మొదటి సందేహం. రేపు ఉద్యోగం చేసేది డీజిల్ ఇంజిన్ల మీద, జీపీఎస్, రాడార్ తెరల ముందు. మరి తాళ్లు లాగడం నేర్పితే ఏం లాభం?

ప్రపంచంలో చాలా నౌకాదళాలు ఈ ప్రశ్నకు తమ పద్ధతిలో జవాబు చెప్పాయి. అమెరికా కోస్ట్ గార్డ్ అకాడమీ కేడెట్లు నేటికీ ‘ఈగల్’ అనే తెరచాప ఓడ మీద శిక్షణ పొందుతారు. 1936లో జర్మనీలో కట్టిన ఆ ఓడ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాకు వచ్చింది. నార్వే, డెన్మార్క్ లాంటి దేశాల్లోనూ ఇలాంటి శిక్షణ ఓడలున్నాయి. మన భారత నౌకాదళానికి ‘తరంగిణి’, ‘సుదర్శిని’ ఉన్నాయి. ఆ తరంగిణి 2003-04లో భూగోళాన్ని చుట్టి వచ్చింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. ఇంజిన్ ఉన్న ఓడలో బటన్ నొక్కితే ముందుకు పోతుంది. తెరచాప ఓడలో గాలి ఎటు నుంచి వస్తోంది, ఆటుపోట్లు ఎటు లాగుతున్నాయి, ఓడ ఎంత ఒరిగింది అన్నవి ఒంటికి తెలిస్తేనే ముందుకు పోతుంది. ఏ వాతావరణంలో పెద్ద ఓడ ఎలా ప్రవర్తిస్తుందో తర్వాత పుస్తకంలో చదివినప్పుడు ఆ విద్యార్థికి అది ముందే అనుభవించిన సంగతి.

రెండో కారణం మా అమ్మాయి చెప్పింది. రాత్రి లంగరు వేసి ఓడ ఆపాక, పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున గంట సేపు కాపలా ఉండాలి. ఒడ్డున కనిపించే రెండు దీపాలను గుర్తుపెట్టుకుని, దిక్సూచితో వాటి దిశ చూసి పుస్తకంలో రాయాలి. దిశ మారితే లంగరు జారుతోందన్న మాట, వెంటనే సిబ్బందిని లేపాలి. మా అమ్మాయికి రాత్రి రెండింటి వంతు వచ్చింది. ‘‘అందరూ పడుకున్నారు నాన్నా. మేమిద్దరమే మేలుకుని ఉన్నాం. మేం చూస్తున్నామనే కదా వాళ్లు పడుకున్నారు!’’ అంది.

ఆన్-కాల్ డ్యూటీ చేసిన సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి సర్వర్ చూసుకోవడం మనకు అలవాటే. అయితే మనకు పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే వీలుంటుంది. లంగరు జారి ఓడ రాళ్ల మీదికి పోయాక అలాంటి వీలు లేదు. పదిహేనేళ్ల పిల్ల ఆ బాధ్యత ఒక గంట సేపు మోసి వచ్చింది. ఇంట్లో ఎన్నేళ్లు చెప్పినా రాని సంగతి అది.

మూడోది, బహుశా తల్లిదండ్రులకు అన్నిటికన్నా పనికొచ్చేది: ఈ పని తనకు పడుతుందో లేదో పిల్లలకే తేలిపోతుంది. మా మిత్రుడి కొడుకు అదే ట్రిప్‌లో మొదటి రోజంతా వాంతులు చేసుకున్నాడు. ‘‘అంకుల్, ఓడ మీద ఉద్యోగం నా వల్ల కాదు’’ అని నవ్వుతూ చెప్పాడు. కానీ ఓడ అడుగు భాగం ఎలా కట్టారో చూసి, ఇప్పుడు నౌకా నిర్మాణ ఇంజినీరింగ్ గురించి చదువుతున్నాడు. నాలుగేళ్ల ఫీజు కట్టాక తెలియాల్సినది మూడు రోజుల్లో తెలిసింది. ‘అవును’ అనే జవాబుకి ఎంత విలువుందో ‘కాదు’ అనే జవాబుకీ అంతే విలువుంది.

తాత అడిగిన ప్రశ్న

హన్మకొండలో ఉన్న మా నాన్నకు ఫోన్లో ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. ‘‘ఏందిరా, గంత దూరం పోయి, గంత చదువు చదివి, పిల్లను పడవ పనికి తోలుతవా?’’ అన్నారు. తర్వాత అసలు ప్రశ్న అడిగారు: ‘‘గదంత పక్కన పెట్టు. బిడ్డకు ఈత వస్తదా?’’

ఆ ప్రశ్న మనందరిదీ. అమెరికాలో సరస్సుల్లో, జలపాతాల దగ్గర మన తెలుగు విద్యార్థులు మునిగి చనిపోయిన వార్తలు ఈ పేజీల్లోనే ఎన్నోసార్లు చదివాం. దానికి జవాబు నీళ్లకు దూరంగా ఉంచడం అనుకుంటాం. నీళ్ల మధ్యే ఊరున్నప్పుడు అది కుదిరే పని కాదు.

ప్యూజెట్ సౌండ్ నీళ్లు వేసవిలోనూ చాలాచోట్ల 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటాయి. స్విమ్మింగ్ పూల్‌లో బాగా ఈదేవాళ్లు కూడా ఈ చలిలో ఈదలేరు. ఇక్కడి శిక్షకులు 1-10-1 అనే లెక్క నేర్పుతారు. చల్లని నీళ్లలో పడిన మొదటి 1 నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, అప్పుడు నీళ్లు మింగకుండా నిలదొక్కుకోవాలి. తర్వాతి 10 నిమిషాలే చేతులు కాళ్లు మాట వింటాయి. చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. కాబట్టి బతికించేది ఈత కన్నా లైఫ్ జాకెట్. ఈ ఒక్క లెక్క నేర్చుకున్నా ఆ ట్రిప్ ఖర్చు గిట్టుబాటే.

ఓడలకు ప్రమాదాలు జరగవని చెప్పను. 2010 ఫిబ్రవరిలో కెనడా హైస్కూలు విద్యార్థులతో వెళ్తున్న ‘కాంకోర్డియా’ అనే తెరచాప శిక్షణ ఓడ బ్రెజిల్ తీరానికి దూరంగా మునిగిపోయింది. అందులో ఉన్న 64 మందీ లైఫ్ రాఫ్టుల్లోకి ఎక్కి ప్రాణాలతో బయటపడ్డారు. అందుకే పిల్లల్ని పంపేముందు మనం అడగాల్సినవి అడగాలి. కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ ఉందా? అది ఓడలో అందరికీ కనబడేలా పెట్టి ఉంటుంది, చూడొచ్చు. కెప్టెన్‌కి ఏ లైసెన్సు ఉంది? ఎంతమంది పిల్లలకు ఎంతమంది సిబ్బంది? ఎక్కగానే ప్రమాద సమయంలో ఏం చెయ్యాలో డ్రిల్ చేయిస్తారా? గాలి ఎక్కువైతే ట్రిప్ ఆపే నిర్ణయం ఎవరిది? మంచి సంస్థలు ఈ ప్రశ్నలకు విసుక్కోవు. పైగా సంతోషిస్తాయి.

మా నాన్నకు అమ్మాయే మళ్లీ ఫోన్ చేసి చెప్పింది, ‘‘ఈత వస్తుంది తాతా, జాకెట్ కూడా వేసుకుంటా’’ అని. ‘‘మంచిగున్నది’’ అన్నారు. ఒప్పుకున్నట్టా కాదా అన్నది ఇంకా తేలలేదు.

బయటి దేశానికి పోలేని ఉద్యోగాలు

మన సాఫ్ట్‌వేర్ ఇళ్లలో ఈమధ్య ఏ ఇద్దరు కలిసినా లేఆఫ్‌ల మాటే. ఏఐ వస్తే ఏమవుతుంది, టీమ్ మొత్తం వేరే దేశానికి మారిస్తే ఏమవుతుంది అన్న బెంగ పిల్లల దాకా వచ్చింది. ఆ దృష్టితో చూసినప్పుడు నాకు ఆసక్తిగా అనిపించిన చట్టం ఒకటుంది.

1920లో వచ్చిన జోన్స్ చట్టం ప్రకారం అమెరికాలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు సరుకు తీసుకెళ్లే ఓడ అమెరికాలోనే కట్టినదై ఉండాలి, అమెరికా వాళ్ల సొంతమై ఉండాలి, సిబ్బంది ప్రధానంగా అమెరికా పౌరులు లేదా శాశ్వత నివాసులై ఉండాలి. ఆ చట్టం తెచ్చిన సెనేటర్ వెస్లీ జోన్స్ మన వాషింగ్టన్ రాష్ట్రం వాడే. అలాస్కాకు సరుకులు చాలా భాగం మన టకోమా, సియాటిల్ రేవుల నుంచే వెళ్తాయి. ఆ ఓడల మీద పనిని చవకగా దొరికే దేశానికి పంపించడం కుదరదు. ఈ చట్టం వల్ల రవాణా ఖర్చు పెరుగుతుందని విమర్శించేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన ఎలా ఉన్నా, ఉద్యోగాలు ఇక్కడే ఉన్నాయన్నది నిజం.

ఇక వాషింగ్టన్ స్టేట్ ఫెర్రీస్ అమెరికాలోకెల్లా పెద్ద ఫెర్రీ వ్యవస్థ. కొవిడ్ తర్వాత సిబ్బంది చాలక సర్వీసులు తగ్గించుకోవాల్సి వచ్చింది. పాతవాళ్లు రిటైర్ అవుతుంటే లైసెన్సున్న కొత్తవాళ్లు అంత వేగంగా రావడం లేదు. ఎందుకంటే ఈ లైసెన్సు పరీక్ష రాస్తే వచ్చేది కాదు, నీటి మీద రోజులు లెక్కబెట్టి సంపాదించుకోవాలి.

వలస వచ్చినవాళ్లకు ఇది కొత్త దారి కూడా కాదు. నార్వే నుంచి వచ్చిన థియా ఫాస్ అనే గృహిణి 1889లో టకోమాలో 5 డాలర్లకు ఒక పాత తెడ్డు పడవ కొని, రంగు వేసి లాభానికి అమ్మింది. అలా మొదలైన పడవల వ్యాపారమే తర్వాత ఫాస్ మారిటైమ్ అనే పెద్ద టగ్‌బోటు సంస్థ అయింది.

లోపలికి వెళ్లే దారులు

మొదటిది కింది నుంచి ఎక్కే దారి. డెక్ మీద ఆర్డినరీ సీమన్‌గా చేరి, సముద్రంలో పనిచేసిన రోజులు కూడబెట్టుకుని ఏబుల్ సీమన్ అవుతారు. ఆ తర్వాత పరీక్షలు రాసి మేట్, చివరికి కెప్టెన్. ఇంజిన్ గదిలో వైపర్, ఆయిలర్, ఇంజినీర్ అని ఇంకో నిచ్చెన ఉంది. తెరచాప ఓడ ఇక్కడే పనికొస్తుంది. శిక్షణ ఓడ మీద సిబ్బందిగా చేసిన రోజులు కూడా సీ టైమ్‌గా లెక్కలోకి వస్తాయి. ఏబుల్ సీమన్‌లో తెరచాప ఓడలకు ప్రత్యేకించిన ఒక రకం ఉంది, దానికి 180 రోజుల సర్వీసు చాలు. పరిమితులు లేని పూర్తి ఏబుల్ సీమన్‌కి 1,080 రోజులు కావాలి.

రెండోది కాలేజీ దారి. మెయిన్, మసాచుసెట్స్, న్యూయార్క్, మిషిగన్, టెక్సస్, కాలిఫోర్నియాల్లో రాష్ట్ర మారిటైమ్ అకాడమీలున్నాయి. నాలుగేళ్ల తర్వాత డిగ్రీతో పాటు కోస్ట్ గార్డ్ పరీక్ష పాసైతే థర్డ్ మేట్ లేదా థర్డ్ అసిస్టెంట్ ఇంజినీర్ లైసెన్సు వస్తుంది. న్యూయార్క్ దగ్గర కింగ్స్ పాయింట్‌లో ఫెడరల్ ప్రభుత్వ అకాడమీ ఉంది. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, కానీ కాంగ్రెస్ సభ్యుల నామినేషన్ కావాలి, చదువయ్యాక సేవ చెయ్యాల్సిన నిబంధన ఉంది. కోస్ట్ గార్డ్ అకాడమీలోనూ ట్యూషన్ లేదు, దానికి నామినేషన్ అక్కర్లేదు.

మూడోది స్థానిక దారి. 2021లో హైలైన్ స్కూల్ డిస్ట్రిక్ట్ మారిటైమ్ హైస్కూల్ పేరుతో ఒక పబ్లిక్ స్కూలు తెరిచింది. పోర్ట్ ఆఫ్ సియాటిల్, పోర్ట్ టౌన్‌సెండ్‌లోని నార్త్‌వెస్ట్ మారిటైమ్ సెంటర్ వంటివి ఇందులో భాగస్వాములు. లెక్కలు, సైన్సు అన్నీ ఉంటాయి, వాటిని ఓడలకు, సముద్రానికి ముడిపెట్టి చెబుతారు. హైస్కూలు అయ్యాక టగ్‌బోట్ల మీద జీతంతో పనిచేస్తూ క్లాసులు వినే రెండేళ్ల వర్క్‌బోట్ మేట్ ప్రోగ్రామ్‌ను మిటాగ్స్ అనే శిక్షణ సంస్థ సియాటిల్‌లో నడుపుతోంది.

ఓడ ఎక్కకుండా చేసే పనులూ తక్కువేం లేవు. నౌకల డిజైన్, రేవుల్లో లాజిస్టిక్స్, మారిటైమ్ లా, సముద్ర శాస్త్రం. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కి ‘థామస్ జి. థాంప్సన్’ అనే పరిశోధన ఓడ నడిపే పని ఉంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలకు నావిగేషన్ సిస్టమ్స్, సెన్సర్ల వైపు కూడా తలుపులున్నాయి. ఓడ మీద మూడు రోజులు ఉన్న పిల్లలు ఆ ఉద్యోగాల్లో చేరితే, తాము రాసే ప్రోగ్రామ్ తడి చేతులతో, ఊగే గదిలో వాడతారని గుర్తుంచుకుంటారు.

ముందే తెలియాల్సిన కష్టాలు

మొదట వీసా సంగతి. తెరచాప ఓడ మీద నేర్చుకోవడం వేరు, లైసెన్సు వేరు. అమెరికా ఓడల మీద ఆఫీసర్ లైసెన్సుకు పౌరసత్వం ఉండాలి. ఆఫీసర్ కాని రేటింగ్ పనులకు గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అర్హులు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఈ రెండూ దొరకవు. గ్రీన్ కార్డు వరసలో నిలబడి ఉన్న కుటుంబాలు పిల్లల్లో ఆశలు పెంచేముందు ఇది చూసుకోవాలి. అలాంటి పిల్లలకు సముద్ర శాస్త్రం, నౌకా నిర్మాణం లాంటి చదువులు మేలు.

రెండోది ఆరోగ్యం. డెక్ ఆఫీసర్లకు రంగులు గుర్తుపట్టే పరీక్ష ఉంటుంది. రాత్రి ఎదురొచ్చే ఓడ ఎర్ర దీపం చూపిస్తోందా, పచ్చ దీపమా అన్న దాన్నిబట్టే ఎటు తిరగాలో తేలుతుంది. కలర్ బ్లైండ్‌నెస్ ఉందేమో తొమ్మిదో తరగతిలోనే కంటి డాక్టరు దగ్గర చూపించుకుంటే మంచిది.

మూడోది గంజాయి. మన రాష్ట్రంలో 21 దాటినవాళ్లకు చట్టబద్ధమే. కానీ నావికులకు జరిగే డ్రగ్ టెస్టులు ఫెడరల్ నిబంధనల ప్రకారం ఉంటాయి. అందులో దొరికితే ‘ఇక్కడ లీగలే కదా’ అన్నది చెల్లదు, లైసెన్సుకే ఎసరు వస్తుంది. టీనేజీ పిల్లలకు ఇది విడమర్చి చెప్పాలి.

నాలుగోది ఆడపిల్లల భద్రత. 2021లో కింగ్స్ పాయింట్ అకాడమీ విద్యార్థిని ఒకరు, శిక్షణ కోసం వెళ్లిన వాణిజ్య ఓడ మీద తన మీద అత్యాచారం జరిగిందని పేరు చెప్పకుండా రాశారు. దేశమంతా కదిలింది. అకాడమీ విద్యార్థులను ఓడల మీదికి పంపడం కొంతకాలం ఆగింది. వాళ్లను తీసుకెళ్లే కంపెనీలకు కొత్త నిబంధనలు పెట్టారు. ఆడపిల్ల తండ్రిగా ఇది చదివి నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. మా ఆవిడ మాత్రం, ‘‘ఐటీలో లేదా ఇది? దాక్కుంటే పోతుందా? ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో, ఓడలోంచి నేరుగా ఎవరికి ఫోన్ చెయ్యొచ్చో ముందు కనుక్కుందాం’’ అంది. అమ్మాయిని చేర్చే ఏ అకాడమీనైనా, ఏ ఓడనైనా మేం అడగబోయే మొదటి ప్రశ్న అదే.

ఐదోది జీవితం తీరు. సముద్రం మీద వెళ్లే ఓడల్లో కొన్ని నెలలు పని, కొన్ని నెలలు ఇల్లు. పండగలు, పెళ్లిళ్లు తప్పుతాయి. ఫెర్రీలు, రేవు టగ్‌బోట్ల వాళ్లు మాత్రం ఇంటికి వస్తుంటారు.

సముద్రం మనకు కొత్తా?

నాది వరంగల్ ప్రాంతం. ‘మనకూ సముద్రానికీ ఏం సంబంధం’ అనే మాట చిన్నప్పుడు వింటూ పెరిగాను. కానీ మా ఓరుగల్లు నుంచి ఏలిన కాకతీయ గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారు. తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు మాటిచ్చాడు. ప్రాణాలకు తెగించి వచ్చేవాళ్లకు కష్టం ఎలాంటిదో ఆ రాజుకు తెలుసు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ‘తారిణి’ అనే 55 అడుగుల తెరచాప పడవలో బయల్దేరారు. ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్లు. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లే: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. మా నాన్నకు వాళ్ల సంగతి చెప్పాను. ‘‘హైదరాబాద్ పిల్లనా?’’ అని రెండుసార్లు అడిగారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే సౌత్ లేక్ యూనియన్‌లోని సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్‌కి వెళ్లండి. ఆదివారాల్లో ఉచితంగా పడవ ఎక్కించే అలవాటు వాళ్లకు ఎప్పటి నుంచో ఉంది. వేళలు ముందు చూసుకుని వెళ్లాలి. సెప్టెంబరులో పోర్ట్ టౌన్‌సెండ్‌లో చెక్క పడవల పండగ జరుగుతుంది, పిల్లలతో ఒక రోజు గడపడానికి బాగుంటుంది. పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు, ఆడామగా అందరూ, సీ స్కౌట్స్‌లో చేరొచ్చు. ఎనిమిదో తరగతి పూర్తయితే పదమూడేళ్లకే చేర్చుకుంటారు. తర్వాత నచ్చితే రాత్రి బస ఉండే ఓడ ట్రిప్. స్కాలర్‌షిప్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు, ఇలాంటి సంస్థల్లో చాలావాటికి సహాయ నిధులుంటాయి. శాకాహారులైతే ముందే చెప్పండి. మా అమ్మాయి ఓడలో పప్పు సూపు తిని, వంతు వచ్చినప్పుడు గిన్నెలు కూడా తోమింది. ఇంట్లో ఆ అలవాటు ఎన్నాళ్లుంటుందో చూడాలి.

న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఉన్న మనవాళ్లకూ దగ్గర్లో ఇలాంటి ఓడలున్నాయి. గాల్వెస్టన్‌లో 1877 నాటి ‘ఎలిస్సా’, లాస్ ఏంజెలెస్ రేవులో పిల్లల శిక్షణ కోసమే కట్టిన ‘ఇర్వింగ్ జాన్సన్’, ‘ఎక్సీ జాన్సన్’ అనే జంట ఓడలు, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర సాసలిటోలో ‘మాథ్యూ టర్నర్’.

మన తెలుగు సంఘాలు ఏటా కెరీర్ సెమినార్లు పెడతాయి. వేదిక మీద డాక్టరు, సాఫ్ట్‌వేర్ మేనేజర్, లాయర్ ఉంటారు. ఈసారి ఒక కుర్చీ ఫెర్రీ కెప్టెన్‌కో టగ్‌బోటు ఇంజినీరుకో వేద్దామని మా ఊళ్లో నలుగురం అనుకున్నాం. ఒక మేట్‌ని అడిగితే వస్తానంది. హాలు దొరికితే చాలు, టీ ఖర్చు మాది.